30 డిగ్రీల జాగా ఇవ్వండి
ద్విచక్ర వాహన తయారీ సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ద్విచక్ర వాహన తయారీ సంస్థల అధిపతులకు, ఆ బండ్లకు రూపం ఇచ్చే డిజైన్ ఇంజినీర్లకు,



"బోల్టుల జోలికి మీరు పోవద్దు, సర్వీస్ సెంటర్‌కి తీసుకొచ్చేయండి." ఈ మాట మీ డీలర్ల కౌంటర్ల దగ్గర వింటున్నాం. ఇదే మాటను కాస్త మర్యాదగా, బండితో పాటు మీరిచ్చే పుస్తకంలోనూ చదువుతున్నాం. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసుకోవడం లాంటి చిన్న పనికి కూడా "అధీకృత డీలర్‌ను సంప్రదించండి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేసిన పుస్తకాలున్నాయి. మాటలైతే విని ఊరుకుంటాం. కానీ మీరు ఆ మాటను ఇప్పుడు బండి ఒంటి మీదే రాస్తున్నారు. చెయ్యి దూరని చోట బోల్టు పెడుతున్నారు. స్పానర్ తిరగని సందులో నట్టు బిగిస్తున్నారు. ప్లాస్టిక్ ప్యానెల్ వెనక స్క్రూ దాచి, ఆ ప్యానెల్‌ను ముట్టుకుంటే విరిగే కొక్కేలతో తగిలిస్తున్నారు. మా డబ్బుతో కొన్న బండిని మేం చూసుకునే వీల్లేకుండా చేసే ఈ ధోరణిని ఒప్పుకోలేకే ఈ లేఖ రాస్తున్నాను.

మా బంధువుల అబ్బాయి ఒకడు పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరతాడు. బండి ఆగితే ఆ రోజు పాలు విరిగినట్టే. అందుకని వాడే ఇంటి దగ్గర ఇంజిన్ ఆయిల్ మార్చుకున్నాడు. మీ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోశాడు, బిల్లు జాగ్రత్త చేశాడు. కొన్నాళ్లకు స్పీడోమీటర్ పాడైంది. వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళితే, అక్కడివాళ్లు కిందికి వంగి డ్రెయిన్ బోల్టు తల మీద గీతలు చూశారు. "బయట విప్పినట్టున్నారే, ఇంక వారంటీ వర్తించదు" అన్నారు. ఆయిల్ బోల్టుకూ స్పీడోమీటర్‌కూ ఏం సంబంధం? సరే, ఆ గీతలు ఎందుకు పడ్డాయి? ఆ బోల్టుకు అడ్డంగా ఒక బ్రాకెట్ ఉంది కనక. స్పానర్ నిటారుగా కూర్చోదు కనక. వాలుగా పెట్టి తిప్పితే తల మూలలు దెబ్బతినక ఏమవుతాయి? అడ్డం పెట్టింది తయారు చేసినవాళ్లు. గీత పడినందుకు శిక్ష మాత్రం కొన్నవాడికి. ఇది ఏ ధర్మం?

అందని బోల్టు తనంతట తాను పుట్టదు. అది ఎలా పుడుతుందో మాకంటే మీకే బాగా తెలుసు. అసెంబ్లీ లైన్ మీద ముందు ఫ్రేమ్ వస్తుంది. దానికి ఇంజిన్ ఎక్కుతుంది. తర్వాత సైలెన్సర్, ట్యాంకు, అన్నిటికంటే చివర ప్యానెళ్లు. ఏ బోల్టునైనా బిగించే సమయానికి దాని ముందు అడ్డమనేది ఉండదు. గాలితో నడిచే గన్ పెట్టి క్షణంలో బిగించేస్తారు. విప్పేవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ వరుసంతా తలకిందులు. మొదట బిగించిన బోల్టు అందాలంటే, ఆ తర్వాత ఎక్కినవన్నీ ముందు దిగాలి. ఆయిల్ ఫిల్టర్ కోసం ఒక కవర్, ఆ కవర్ కోసం ఒక పైపు, ఆ పైపు కోసం ఇంకో క్లాంపు. మీ డిజైన్ గదిలో బిగించే వరుస గురించి ఎన్ని సమావేశాలు జరుగుతాయో ఊహించగలను. విప్పే వరుస గురించి ఒక్కటైనా జరుగుతోందా? బండి మీ లైన్ మీద ఉండేది కొన్ని గంటలు. మా వాకిట్లో ఉండేది పదేళ్లు, పదిహేనేళ్లు. ఎవరి సౌకర్యం ముందు చూడాలి?

ఈ ప్రశ్న అడిగే అర్హత మా చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఇంకాస్త ఎక్కువే ఉంది. సత్యవేడు దగ్గర మాదన్నపాలెంలో హీరో మోటోకార్ప్ ఫ్యాక్టరీకి 2018లో శంకుస్థాపన జరిగింది. 2022 అక్టోబరులో విడుదలైన విడా ఎలక్ట్రిక్ స్కూటర్ ఆ ఫ్యాక్టరీలోనే తయారైంది. వరదయ్యపాళెం మండలం చినపాండూరులో 2020 నుంచి అపోలో టైర్లు తయారవుతున్నాయి. తిరుపతి పక్కన కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా బ్యాటరీలు దేశమంతా తిరుగుతున్నాయి. కుప్పం నుంచి సరిహద్దు దాటి కాస్త దూరం పోతే హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీ. బండి, టైరు, బ్యాటరీ అన్నీ మా నేల మీద, మా చుట్టుపక్కల పుడుతున్నవే. ఆ ఫ్యాక్టరీల బస్సులెక్కి షిఫ్టులకు వెళ్లే పిల్లలు మా పల్లెల పిల్లలే. పగలు లైన్ మీద బోల్టు బిగించడానికి పనికొచ్చిన చెయ్యి, సాయంత్రం ఇంటికొచ్చాక అదే బోల్టు విప్పడానికి పనికిరాకుండా పోతుందా? నైపుణ్యం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతుందా?

ఇక పని మాటే మాట్లాడుకుందాం. బోల్టు తలకు ఆరు ముఖాలు. స్పానర్‌తో ఒక జత ముఖాలు పట్టి తిప్పి, మళ్లీ తర్వాతి జత పట్టాలంటే 60 డిగ్రీలు తిరగాలి. అంత జాగా అన్నిచోట్లా దొరకదని తెలిసే, ఓపెన్ స్పానర్ నోటిని పిడికి 15 డిగ్రీల వాలుగా చేస్తారు. ఒకసారి తిప్పాక స్పానర్‌ను బోర్లించి పట్టుకుంటే 30 డిగ్రీల కదలికతోనే పని సాగుతుంది. 12 మూలల రింగ్ స్పానర్‌కైనా ఆ 30 డిగ్రీలే చాలు. అంటే బోల్టు పక్కన పిడి 30 డిగ్రీలు ఆడేంత జాగా, తల పైన స్పానర్ మందం పట్టేంత ఎత్తు వదిలితే చాలు. బజారులో దొరికే మామూలు 8-9, 10-11, 12-13 స్పానర్ సెట్టుతో ఎవరైనా ఆ బోల్టు విప్పుకోగలరు. అది కూడా వదలకపోతేనే సన్నపళ్ల రాట్చెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు, మెడ వంగే యూనివర్సల్ జాయింట్ కావాలి. ఒక్కో పనిముట్టూ ఒక ఆయిల్ డబ్బా ఖరీదు. నెలకోసారి వాడే పనిముట్టు కోసం రోజుకూలీ చేసుకునేవాడు అంత డబ్బు పెట్టగలడా? మేం అడిగేది రాయితీ కాదు, ఉచిత సర్వీసు కాదు. ఆ 30 డిగ్రీలు.

ఆ జాగా లేనప్పుడు ఇంటి దగ్గర ఏం జరుగుతుందో మీరొకసారి దగ్గరగా చూడాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతకు నాలుగు స్క్రూలుంటాయి. మూడు నేరుగా వచ్చేస్తాయి. నాలుగోది ఫ్రేమ్ పైపు వెనక. పొడుగు స్క్రూడ్రైవర్ పెడితే పిడి పైపుకు తగులుతుంది. పొట్టిది పెడితే పిడికిలి పట్టదు, రెండు వేళ్లతో తిప్పాలి, ఆ బలం చాలదు. డ్రైవర్ ఏటవాలుగా కూర్చుంటుంది. గట్టిగా తిప్పగానే జారి ప్లస్ గాడి అరుగుతుంది. ఇంకోసారి జారితే గాడి గుంటగా మారుతుంది. సుత్తితో కొట్టి విప్పే ఇంపాక్ట్ డ్రైవర్ దగ్గరుంటే బాగుపడేదే, కానీ కొట్టడానికి చోటేది? ఇక ట్యాంకు దించాల్సిందే. ట్యాంకు దించాలంటే సీటు తీయాలి, పెట్రోలు పైపు ఊడదీయాలి, దాని కింద సెన్సర్ వైర్ల కనెక్టర్ విప్పాలి. పది నిమిషాల్లో అయ్యే దుమ్ము దులుపుడు ఒక పూట పనైంది. మా ఊళ్ల మట్టిరోడ్ల మీద తిరిగే బండికి మీ పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే ఫిల్టర్ నిండిపోతుంది. దుమ్ము ఎక్కువున్న చోట తరచుగా చూడమని ఆ పుస్తకమే చెబుతుంది. తరచుగా చూడమని రాసిన చేత్తోనే, చూడటానికి వీల్లేని చోట స్క్రూ పెట్టడం ఎలా సబబు?

ఇలాంటి బోల్టులతో వేగడం మావాళ్లకు కొత్త కాదు. తుప్పు పట్టిన తలను ముందు వైరు బ్రష్‌తో రుద్ది, కిరసనాయిల్లో కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి రాత్రంతా నానబెడతారు. అరిగిన తలకు 12 మూలల సాకెట్ వద్దని, ఆరు మూలలదే గట్టిగా పట్టుతుందని వాళ్లకు తెలుసు. కంటికి కనబడని బోల్టును ఫోన్ కెమెరా పెట్టి చూస్తారు. లోతైన సందులో బోల్టు జారిపోకుండా సాకెట్ లోపల చిటికెడు గ్రీజు రాసి తలను అంటిస్తారు. గుండుమూతి ఆలెన్ కీ వాలుగా దూరినా మొదటి పట్టు వదిలించడానికి పనికిరాదని, దానికి తిన్నని మూతే వాడాలని అనుభవం చెప్పింది. తిరిగి బిగించేటప్పుడు మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే ఎక్కిస్తారు. బోల్టు ఉక్కు, అది దిగే ఇంజిన్ ఒళ్లు అల్యూమినియం. అడ్డంగా ఎక్కితే ఓడిపోయేది అల్యూమినియం మరే. ఆ మర పోతే లేత్ అంగడికి పరిగెత్తాలి. బోల్టు ఖరీదు రూపాయల్లో, మర మళ్లీ వేయించే ఖర్చు వందల్లో. వేళ్లతో ఎక్కించాలంటే వేళ్లు దూరాలి కదా? మీరు వదలని జాగాకు మేం రోజూ కడుతున్న సుంకం ఈ ఉపాయాలన్నీ.

మీకు చేతకాదని నేననను. చేతనవుతుందని చరిత్రే చెబుతోంది. 1958లో హోండా సంస్థ సూపర్ కబ్ తెచ్చినప్పుడు సిలిండర్‌ను దాదాపు అడ్డంగా పడుకోబెట్టింది. పెద్ద పరికరాలు లేని చిన్న రిపేరు అంగడిలో కూడా బాగుచేసుకునేలా ఆ బండిని తీర్చింది. 2017 నాటికి అలాంటివి 10 కోట్ల బండ్లు తయారయ్యాయి. ఆ పడుకున్న సిలిండర్ కుటుంబమే 1985లో హీరో హోండా సీడీ 100గా, 1994లో స్ప్లెండర్‌గా మన రోడ్ల మీదికొచ్చింది. ప్లగ్ ముందువైపే ఉంటుంది, మోకాలి మీద కూర్చుంటే చేతికందుతుంది. అంతకు ముందే, 1980లో, హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ప్లగ్ స్పానర్ ఒకటి, స్క్రూడ్రైవర్ ఒకటి, ఉప్పుకాగితం ముక్క ఒకటి ఉంటే చాలు. రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపి, ప్లగ్ విప్పి, మసి గీకి, మళ్లీ బిగించుకుని గడ్డిమోపుతో సహా ఇల్లు చేరినవాళ్లు మా జిల్లా నిండా ఉన్నారు. పల్లెవాడు ఆ బండ్లను నమ్మింది మైలేజీ ఒక్కటీ చూసి కాదు. చెడిపోతే తనకు అందుతుందని నమ్మాడు. మిమ్మల్ని ఇంత పెద్ద సంస్థలను చేసిన గుణాన్నే మీరిప్పుడు వదిలేస్తారా?

మీ జవాబులు నాకు తెలియనివి కావు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి, ఇంజిన్ చుట్టూ జాగా తగ్గిందంటారు. ఒప్పుకుంటాను. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది, కనక దాన్ని ఇంజిన్‌కు దగ్గరగా పెట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది, దాని యూనిట్‌కూ చోటు కావాలి. మా పిల్లల ఊపిరితిత్తులకూ ప్రాణాలకూ మేలు చేసే నిబంధనలవి, వాటికి మేం అడ్డం రాం. కానీ డ్రెయిన్ బోల్టుకు అడ్డంగా బ్రాకెట్ పెట్టమని ఏ కాలుష్య చట్టం చెప్పింది? వెనక చక్రం ఇరుసు బయటికి లాగబోతే సైలెన్సర్‌కు తగిలేలా చేయమని ఏ భద్రతా నిబంధన చెప్పింది? కొన్ని బండ్లలో ట్యూబు పంచరు వేయాలంటే ముందు సైలెన్సర్ విప్పాలి. రాత్రి పూట ఘాట్‌లో పంచరైతే ఆ సైలెన్సర్‌ను, అది కాలిపోతున్నప్పుడు, ఎవరు విప్పుతారు?

భద్రత కోసమే ఓనర్లను దూరం పెడుతున్నామంటారు. ఇంజిన్ లోపలి పని, ఫ్యూయల్ ఇంజెక్షన్ ప్రెజర్ లైన్లు, ఏబీఎస్ యూనిట్, ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ లోపలి భాగం శిక్షణ ఉన్నవాళ్ల పనే. వాటి జోలికి మేం రాం. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, చైను, బ్రేకు ప్యాడ్లు, లైనర్లు, కేబుళ్లు, బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజులు, బల్బులు, చక్రం. ఇవి ఇంటి పనులు. వీటి బోల్టులు దాచితే భద్రత పెరగదు, తగ్గుతుంది. టార్క్ రెంచి తిన్నగా కూర్చుంటేనే సరైన బిగువు తెలుస్తుంది. సందులో వాలుగా బిగించిన బోల్టు బిగిసిందో లేదో బిగించినవాడికే తెలియదు. ఆ సందు మీ సర్వీస్ సెంటర్ కుర్రాడికీ సందే. వాడి చెయ్యి కూడా మా చెయ్యి లాంటిదే, పైగా వాడి ముందు సాయంత్రానికి పూర్తి చేయాల్సిన బండ్ల వరుస ఉంటుంది. సర్వీసు నుంచి తిరిగొచ్చిన బండికి ఒక స్క్రూ లేకపోవడం, ప్యానెల్ కొక్కెం విరిగి ఉండటం చూడని ఓనర్ ఎవరైనా ఉన్నారా? తప్పు ఆ కుర్రాడిదని నేననను. అందని చోట బోల్టు పెట్టినవాళ్లదే.

ఇది సరదాగా ఆదివారం పూట బండి తుడుచుకునేవాళ్ల గోల అనుకోకండి. దేశంలో 2024-25లో సుమారు 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. ఇంత పెద్ద మార్కెట్ ప్రపంచంలో మరొకటి లేదు. మా వైపు ఆ బండ్ల మీదే పాలు డెయిరీకి పోతాయి. టమాటా బుట్టలు మార్కెట్‌కి పోతాయి. మామిడి కోతల కాలంలో కూలీలు తోటలకు పోయేది వాటి మీదే. తిరుపతిలో రాత్రి డ్యూటీ దిగే హోటల్ పనివాళ్లు, ఇంటింటికీ తిండి చేరవేసే కుర్రాళ్లు, స్కూటర్ల మీద కాలేజీలకూ ఆసుపత్రి డ్యూటీలకూ వెళ్లే ఆడపిల్లలు బతికేది వాటి మీదే. కొండ మీద నుంచి అలిపిరికి దిగే మలుపుల్లో బ్రేకు ప్యాడ్ ఎంత మిగిలిందో చూసుకోవడం విలాసమా? పల్లె నుంచి టౌనుకు వచ్చి, బండి అప్పగించి, సాయంత్రం దాకా కాచుకుంటే ఒక రోజు కూలి పోతుంది. ఆ కూలికి భయపడి ఆయిల్ మార్పు వాయిదా పడుతుంది. వాయిదా పడిన ఆయిల్ ఇంజిన్‌ను తినేస్తుంది.

2021 నవంబరు మీకు గుర్తుందో లేదో, మాకు బాగా గుర్తుంది. తిరుపతి వీధులు ఏరులై పారిన ఆ వానల్లో బండ్లు కొట్టుకుపోయాయి, ఇళ్ల ముందు నిలిపినవి నీళ్లలో నానాయి. నీట మునిగిన బండిని వెంటనే స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లో నీరు చేరి ఉంటే, నీరు గాలిలా నొక్కుకుపోదు, కనక పిస్టన్ కడ్డీ వంగిపోతుంది. ముందు ప్లగ్ విప్పి నీటిని బయటికి పంపాలి. డ్రెయిన్ బోల్టు విప్పి నీళ్లు కలిసిన ఆయిల్ తీసేయాలి. ఎయిర్ ఫిల్టర్ ఆరబెట్టాలి. ఈ మూడు పనులూ ఎంత త్వరగా జరిగితే ఇంజిన్ అంత భద్రం. ఊరంతా ఒకేసారి మునిగితే మీ సర్వీస్ సెంటర్ ఎన్ని బండ్లకు చాలుతుంది? అది కూడా నీళ్లలోనే ఉంటే? అలాంటి రోజున ఒక ప్లగ్, ఒక బోల్టు, ఒక ఫిల్టర్ ఇంటివాళ్ల చేతికి అందడమే బండిని కాపాడుతుంది. కార్తీక మాసపు వానలు మాకు ఏటా వస్తాయి. వాటిని లెక్కలో పెట్టుకోని డిజైన్ మా నేలకు సరిపోయే డిజైన్ ఎలా అవుతుంది?

చట్టం మీ వైపే ఉందనుకుంటే పొరపాటు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. మరమ్మతు చేసుకోకూడదని ఎక్కడా అనలేదు. విడిభాగాలను, పరీక్షించే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. అయినా కమిషన్ చెప్పిన సూత్రం స్పష్టం: కొన్న వస్తువును ఎక్కడ బాగుచేయించుకోవాలో నిర్ణయించే అధికారం అమ్మినవాడి గుప్పిట్లో ఉండకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం డిజైన్ లోపానికీ, సరైన సూచనలు ఇవ్వకపోవడానికీ తయారీదారునే బాధ్యుణ్ణి చేసింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, మొదట తీసుకున్న నాలుగు రంగాల్లో వాహనాలనూ చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచింది. అమెరికాలో అదే ఏడాది జూన్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బయటి విడిభాగాలు వాడితే వారంటీ చెల్లదన్న షరతు మీద హార్లే-డేవిడ్సన్ సంస్థపైనే చర్య తీసుకుంది. ఫ్రాన్స్ 2021లో ఫోన్లు, వాషింగ్ మెషీన్ల లాంటి వాటి మీద పదికి ఇన్ని మార్కులని మరమ్మతు సూచిక అచ్చేయించడం మొదలుపెట్టింది. విప్పడం ఎంత సులువన్నది ఆ మార్కుల్లో ఒక భాగం. గాలి ఎటు వీస్తోందో మీకు కనబడటం లేదా? చట్టం వచ్చి మెడ మీద కూర్చునేదాకా ఆగుతారా, మీ అంతట మీరే ముందుకు వస్తారా?

మేం అడుగుతున్నవి చేయలేనివి కావు.

మొదటిది, పైన చెప్పిన ఇంటి పనుల బోల్టులన్నిటికీ మామూలు స్పానర్ 30 డిగ్రీలు ఆడే జాగా వదలండి. ఏ ఇంటి పని కోసమూ, దానితో సంబంధం లేని ఇంకో భాగాన్ని విప్పాల్సిన అవసరం రానివ్వకండి.

రెండోది, తలల కొలతలు తగ్గించండి. ఒకే ప్యానెల్‌కు ఒక ఆలెన్ బోల్టు, ఒక ప్లస్ స్క్రూ, ఒక టార్క్స్ తల ఎందుకు? 8, 10, 12, 14, 17 నంబర్లతో బండి మొత్తం నడవదా?

మూడోది, బండితో పాటు పనికొచ్చే టూల్ కిట్ ఇవ్వండి. ప్లగ్‌కు, ఇరుసుకు, డ్రెయిన్ బోల్టుకు సరిపోయేవి, మొదటిసారికే నోరు తెరుచుకోని ఉక్కువి ఇవ్వండి.

నాలుగోది, ఇంటి పనుల వరకైనా సర్వీస్ మాన్యువల్‌ను తెలుగులో, బొమ్మలతో, ప్రతి బోల్టు బిగువు అంకెతో సహా అందరికీ ఉచితంగా పెట్టండి. బండ్లు తెలుగులో అమ్మగలిగినవాళ్లు, వాటి గురించి తెలుగులో చెప్పలేరా?

ఐదోది, ఓనరు గానీ వీధి మెకానిక్ గానీ సరైన ఆయిల్‌తో, సరైన భాగాలతో పని చేస్తే, ఆ ఒక్క కారణంతో వారంటీ తిరస్కరించబోమని వారంటీ కార్డు మీదే రాయండి. ఆ పని వల్లే నష్టం జరిగిందంటే, అది నిరూపించే భారం మీదే.

ఆరోది, ఒక్కో బోల్టు, ఒక్కో ప్యానెల్ కొక్కెం విడిగా కౌంటర్‌లో దొరికేలా చేయండి. పైసలు ఖరీదు చేసే ఒక కొక్కెం కోసం మొత్తం ప్యానెల్ కొనమనడం న్యాయం కాదు.

ఇందువల్ల మీ సర్వీస్ సెంటర్లు మూతపడవు. ఓనర్లందరూ స్పానర్ పట్టరు, పట్టాలని నేను కోరడం లేదు. వీధి మెకానిక్ పొట్ట కొట్టాలనీ కాదు. బోల్టు అందితే వాడికీ పని త్వరగా తెములుతుంది, రోజుకు ఇంకో బండి చూసుకుంటాడు. మీ సర్వీస్ సెంటర్ కుర్రాడికీ వేళ్లు కోసుకోకుండా పని జరుగుతుంది. ఓనరు విప్పగలిగిన బండిని ఎవరైనా విప్పగలరు. ఇందులో ఓడిపోయేవాళ్లు ఎవరో చెప్పండి?

డిజైన్ ఇంజినీర్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో కొందరైనా మా తిరుపతి కాలేజీల్లో చదివినవాళ్లే అయి ఉంటారు. మొదటి ఏడాది వర్క్‌షాప్ క్లాసులో ఆకురాయి పట్టి, వేళ్లకు బొబ్బలెక్కించుకునే ఉంటారు. లోహం చేతికి ఎలా తగులుతుందో, మర ఎలా ఎక్కుతుందో అప్పుడే తెలుసుకున్నారు. తెర మీద బోల్టు గీసే ముందు, దాన్ని విప్పబోయే ఆ చేతిని కూడా పక్కనే గీయండి. ఖర్చు తగ్గించమని, బరువు తగ్గించమని, సన్నగా కనబడేలా చేయమని పైనుంచి ఒత్తిళ్లు ఉంటాయి. ఆ ఒత్తిళ్ల ముందు, ఆ గదిలో లేని ఓనరు తరఫున మాట్లాడాల్సింది మీరే. మీరు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

అధిపతులకు నా చివరి కోరిక ఇది. మీ తర్వాతి కొత్త మోడల్‌ను విడుదల చేసే రోజున వేదిక మీద సినిమా తారలను, వెలుగు జిలుగులను ఎలాగూ పెడతారు. వాటితో పాటు ఇంకో అరగంట కేటాయించండి. మీ చీఫ్ డిజైన్ ఇంజినీరు, ఆ బండితో వచ్చిన టూల్ కిట్ ఒక్కటే పట్టుకుని, అందరి ముందూ ఆయిల్ మార్చాలి, ప్లగ్ తీసి పెట్టాలి, ఎయిర్ ఫిల్టర్ విప్పాలి, వెనక చక్రం ఊడదీసి బిగించాలి. ఒక్క కొక్కెం విరగకుండా, ఒక్క బోల్టు తల అరగకుండా ఆ పని పూర్తయితే, ఆ బండి మా వాకిట్లోకి రావడానికి తగిన బండి. పూర్తికాకపోతే, దాన్ని మా మీదికి అమ్మకానికి వదలకుండా వెనక్కి తీసుకెళ్లి, జాగా వదిలి, మళ్లీ తీసుకురండి. కొనేముందు ఈ పరీక్ష గురించి మీ షోరూముల్లో అడగమని మా జిల్లాల ప్రజలకు కూడా ఈ లేఖ ద్వారా చెబుతున్నాను. ఇకపై ధర, మైలేజీ, రంగు అడిగిన తర్వాత వాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు: "దీని ఆయిల్ బోల్టు ఎక్కడుంది? వంగి చూపించండి." దానికి జవాబు సిద్ధం చేసుకోండి.

ఇట్లు,
చిత్తూరు జిల్లాకు చెందిన ఒక ద్విచక్ర వాహనదారుడు